కుదురు లేదంటాం సరే, కుదురు పెట్టామా?

"వీడికి బొత్తిగా కుదురు లేదండీ!" మన ఇళ్లలోనూ బళ్లలోనూ రోజుకు పదిసార్లు వినిపించే మాట ఇది. రెండు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచిపోయేవాడు, లెక్క సగంలో వదిలి కిటికీలోంచి చూసేవాడు, కొన్న మూడోరోజే పెన్ను పారేసుకునేవాడు, కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు... అందరినీ ఆ ఒక్క మాటతో తేల్చేస్తాం. వీరిలో చాలామందిది వయసు అల్లరే. కాని ప్రపంచం మొత్తం మీద నూటికి సుమారు 5 మంది పిల్లల్లో ఇది ఉత్త అల్లరి కాదు. మెదడు ఎదుగుదలలో ఉన్న తేడా. వైద్యులు దీన్నే ఎ.డి.హెచ్.డి. అంటారు. ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం, తొందరను ఆపుకోలేకపోవడం దీని లక్షణాలు. చాలామంది ఆడపిల్లల్లో గంతులు కనబడవు, పరధ్యానం మాత్రమే ఉంటుంది. కాబట్టి వాళ్లను ఎవరూ గుర్తించనే గుర్తించరు.

ఇది నిన్నమొన్న పుట్టించిన జబ్బు అని కొట్టిపారేసేవారున్నారు. అది నిజం కాదు. 1902లోనే జార్జి స్టిల్ అనే వైద్యుడు ఇటువంటి పిల్లలను గూర్చి లండనులో ఉపన్యాసాలిచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజకమైన మందు వేస్తే ఇటువంటి పిల్లల్లో కొందరు ఉద్రేకపడే బదులు నెమ్మదించి చదువుకుంటున్నారని ప్రకటించాడు. అప్పటి నుంచి మందు మాట మొదలైంది. మందు వద్దనే మాటా వెనుకనే వచ్చింది.

ఈనాడు మన మధ్య రెండు పక్షాలున్నాయి. ఒకరు "మాత్ర వేస్తే చాలు" అంటారు. మరొకరు "మాత్ర విషం; లేహ్యం నాకించండి, చేపనూనె పట్టించండి, యోగాలో చేర్పించండి" అంటారు. పైకి వీరు విరోధులు. నా దృష్టిలో ఇద్దరి కోరికా ఒక్కటే: ఏదో ఒకటి పిల్లవాడి నోట్లో వేసి, తాము మాత్రం మారకుండా పని ముగించుకోవాలి!

శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. అమెరికాలో 579 మంది పిల్లలకు 14 నెలలపాటు వేర్వేరు చికిత్సలు చేసి 1999లో ఫలితాలు ప్రకటించారు. ముఖ్య లక్షణాలు తగ్గించడంలో, జాగ్రత్తగా మోతాదు చూసి ఇచ్చిన మందు ఒంటరి ప్రవర్తనా చికిత్స కంటే మెరుగని తేలింది. అయితే రెండూ కలిపి ఇచ్చిన పిల్లలకు తక్కువ మోతాదు మందే సరిపోయింది. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ జట్ల మధ్య తేడాలు చెరిగిపోయాయి. అంటే మందు పనిచేస్తుంది. కాని పధ్నాలుగు నెలల మందు జీవితకాలపు హామీ కాదు.

ఇక ఆహారం మాట. కొన్ని కృత్రిమ రంగులు పిల్లల్లో చంచలత పెంచవచ్చని 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో జరిగిన పరిశోధన చూపింది. 2010 నుంచి యూరపులో ఆ రంగులు కలిపిన తినుబండారాలపై హెచ్చరిక ముద్రించాలన్న నియమం వచ్చింది. రంగుల మిఠాయి మానితే నష్టం లేదు. కొందరికి కొంత మేలు. చేపనూనె మేలు చాలా స్వల్పం. ఏ చికిత్స జరుగుతున్నదో తెలిసినవారు "బాగుపడ్డాడు" అన్నంతగా, తెలియనివారు చూసినప్పుడు ఫలితం కనబడలేదని 2013లో అనేక పరిశోధనలను కలిపి చూసిన పండితులు తేల్చారు. మన ఆశ మన కళ్లను మోసగిస్తుందన్నమాట.

మరి మందులేని వైద్యం అబద్ధమా? కాదు. దాని అర్థాన్నే మనం తప్పుగా తీసుకున్నాం. పూర్వం ఇళ్లలో అడుగు గుండ్రంగా ఉన్న కుండను నేలమీద పెడితే దొర్లిపోతుందని కింద గడ్డితో చుట్టిన కుదురు పెట్టేవారు. దొర్లినందుకు కుండను ఎవరూ తిట్టలేదు. మందులేని వైద్యమంటే ఆ కుదురు. దాన్ని పెట్టవలసింది పెద్దలు.

అది ఎలా ఉంటుంది? నాలుగు పనులు ఒక్కసారి చెప్పకుండా ఒక్కటే చెప్పడం. చేసిన వెంటనే, ఆ క్షణంలోనే, మెచ్చుకోవడం. గంట చదువును పది నిమిషాల ముక్కలు చేసి మధ్యలో లేచి తిరగనివ్వడం. దినచర్య గోడమీద రాసిపెట్టడం. క్లాసులో ముందు బెంచీ. వేళకు నిద్ర, రోజూ ఆట. ఆరేళ్ల లోపు పిల్లలకైతే మందుకంటే ముందు తల్లిదండ్రులకే ఈ శిక్షణ ఇవ్వాలని అమెరికా శిశువైద్యుల సంఘం 2019లో చెప్పింది. మన వయసువారికీ దారి ఉంది: మందు వాడుతున్న పెద్దవారికి పనిని ముక్కలు చేసుకోవడం, డైరీ రాసుకోవడం వంటివి పద్ధతిగా నేర్పితే అదనపు మేలు కలిగిందని 2010లో వెలువడిన పరిశోధన ఒకటి చూపింది.

ఇప్పుడు మన చదువుల వైపు చూడండి. తెల్లవారకముందు స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్. ఆటస్థలమే లేని కాలేజీ! కుదురున్న పిల్లవాడికే అక్కడ మతి పోతుంది. మా పిన్ని కొడుకును అటువంటి ఒక హాస్టల్లో, పరధ్యానంగా ఉంటాడని చివరి సెక్షనులో వేసి, గంటలకొద్దీ గోడవైపు నిలబెట్టారు. అడగడానికి వెళ్లిన బాబాయితో "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారట. ఏం చెప్పమంటారు! మొక్కను వంచడమే తెలిసినవారికి, దానికి ఊతకర్ర కట్టవచ్చునన్న సంగతి ఎవరు చెప్పాలి?

ఒక మనవి. ఈ వ్యాసం చదివి ఎవరూ వాడుతున్న మందును తమంతట తాము మానవద్దు. మందు అవసరమైనవాడు మందు వేసుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు; కళ్లజోడు పెట్టుకున్నవాణ్ణి మనం ఎగతాళి చేయడం లేదుగదా! ఆ నిర్ణయం వైద్యునిది, కుటుంబానిది. మనది వేరే పని.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొన్నది. అభ్యసన వైకల్యాలకు అందులో చోటున్నది, ఎ.డి.హెచ్.డి.కి విడిగా లేదు. చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా? వాయిదా తేదీలను లెక్చరర్లు బోర్డుమీద రాయవచ్చు. పరీక్షకు అలికిడిలేని గది ఇవ్వవచ్చు. సాయంత్రం గంటసేపు గ్రౌండు అందరికీ తెరవవచ్చు. మనస్తత్వ సలహాదారు ఒకరిని నియమించవచ్చు. వీటిలో కోట్లు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. రాబోయే సంవత్సరం మన యూనియన్ ఈ నాలుగూ అడగాలని నా విజ్ఞప్తి. అంతవరకు, మిత్రులారా, పక్క బెంచీలో సగం రాసిన రికార్డుతో కూర్చున్నవాణ్ణి "బద్ధకస్తుడు" అనేముందు, వాడి పక్కన ఒక అరగంట కూర్చోండి.