గేటు వేస్తే మన రైతు బతుకుతాడా?

2025 జూన్ 7న చిత్తూరు జిల్లా కలెక్టరు ఒక ఉత్తర్వు ఇచ్చారు. పక్క రాష్ట్రాల తోతాపురి మామిడి జిల్లాలోకి రాకూడదన్నారు. రెవెన్యూ, పోలీసు, అటవీ, మార్కెటింగ్ శాఖల సిబ్బందిని కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లో నిలబెట్టారు. ఏళ్ల తరబడి కోలారు జిల్లా శ్రీనివాసపురం నుంచి మన గుజ్జు ఫ్యాక్టరీలకు వస్తున్న కాయకు దారి మూసుకుపోయింది. మా కుప్పం ప్రాంతంలో చాలామంది దీన్ని మెచ్చుకున్నారు. మన ఫ్యాక్టరీలు మన కాయకే, బయటి కాయ ఆగితే మన రైతుకు ధర వస్తుంది అన్నారు. ఈ మాటను రామకుప్పంలో విన్నాను, పలమనేరులో విన్నాను, చదువుకున్నవాళ్ల నోటా విన్నాను.

ఈ మాటతో నేను ఏకీభవించను. సరిహద్దు మీద బతికే మనం గేటును సమర్థించడం మన మెడకు మనమే ఉరి బిగించుకోవడం.

రైతు కోపం న్యాయమైనదే, అందులో సందేహం లేదు. ఆ ఏడాది ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కోసిన కాయ ఎండలో ట్రాలీలోనే ఉంటే సొన కారిన చోట నల్లబడుతుంది, అడుగున ఉన్నది మగ్గి నీరుకారుతుంది. చివరికి ఫ్యాక్టరీ లోపలికి వెళ్లేసరికి పనికిరాదని పక్కన పోసేది ఆ అడుగు కాయనే. కిలోకు ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం నాలుగు కలుపుతుందని ప్రకటించారు. ఆ ఎనిమిదీ దక్కడం లేదని రైతులు రోడ్డెక్కారు.

అయితే ధర పడింది ఎందుకు? దిగుబడి బాగా వచ్చింది. అంతకుముందు ఏడాది తీసిన గుజ్జు అమ్ముడుపోక ఫ్యాక్టరీల్లోనే నిల్వ ఉంది. ఎగుమతులు మందగించాయి. ఈ మూడింటిలో ఒక్కటి కూడా శ్రీనివాసపురం రైతు చేసింది కాదు. అతని తోటలోనూ కాయ అదే, అప్పు అదే. అతని లారీని ఆపాక మన కిలో కాయ మీద ధర లేచిందా? లేవలేదు. బంగారుపాళెం మార్కెట్ యార్డులో జూలైలో ధర ఎలా ఉందో అందరూ చూశారు.

మన ప్రభుత్వం ప్రకటించిన నాలుగు రూపాయలు బయటి కాయకు పోకూడదు కదా అని ఒక వాదన ఉంది. గేటును మెచ్చుకునేవాళ్ల వాదనల్లో బలమైనది ఇదొక్కటే. కానీ ఆ డబ్బు రైతు ఖాతాలో పడేది. భూమి రికార్డు, పంట నమోదు చూసి ఇచ్చేది. పక్క రాష్ట్రం లారీ ఫ్యాక్టరీలోకి వచ్చినంత మాత్రాన ఆ లారీ రైతుకు మన ఖజానా నుంచి పైసా వెళ్లదు. సొంత రైతును ఆదుకోవద్దని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. పక్కవాడి సరుకును ఆపవద్దని మాత్రం చెప్పింది.

ఎక్కడ చెప్పిందో చూద్దాం. రాజ్యాంగం పదమూడవ భాగంలో 301వ అధికరణ ఉంది. భారతదేశమంతటా వర్తకం, వాణిజ్యం, రాకపోకలు స్వేచ్ఛగా జరగాలి. ఆంక్ష పెట్టాలంటే రాష్ట్రానికి ఒక దారి ఉంది, 304వ అధికరణ (బి) భాగం. ఆంక్ష సమంజసంగా ఉండాలి, ప్రజాప్రయోజనం కోసం ఉండాలి, శాసనసభ చట్టం చేయాలి, ఆ బిల్లుకు రాష్ట్రపతి ముందస్తు మంజూరు ఉండాలి. లారీ బరువు చూడటం, రికార్డులు అడగడం, రోడ్డు నియమాలు పెట్టడం వేరు. అలాంటి నియంత్రణ స్వేచ్ఛకు అడ్డు కాదని 1962లోనే రాజస్థాన్ ఆటోమొబైల్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫలానా రాష్ట్రం కాయ కాబట్టి రాకూడదనడం నియంత్రణ కాదు, నిషేధం. కలెక్టరు సంతకంతో అది నడవదని నా గట్టి అభిప్రాయం.

ఇది నా సొంత తెలివి కాదు. ఇదే జిల్లా, ఇదే కలెక్టరు కార్యాలయం కక్షిదారుగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు 1989లో తీర్పు ఇచ్చింది. చిత్తూరు జిల్లా కలెక్టరుకూ చిత్తూరు జిల్లా వేరుశనగ వ్యాపారుల సంఘానికీ మధ్య నడిచిన వ్యాజ్యం అది. వేరుశనగ నూనెలో కొంత ప్రభుత్వం చెప్పిన ధరకు ఇస్తేనే మిగతా సరుకును రాష్ట్రం దాటనిస్తామని అధికారులు షరతు పెట్టారు. వ్యాపారులు హైకోర్టులో గెలిచారు. ప్రభుత్వం పైకోర్టుకు వెళ్లి ఓడింది. చట్టం ఆధారం లేని అలాంటి ఆంక్ష 301వ అధికరణకు విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు మన వేరుశనగను బయటికి పోనివ్వలేదు, ఇప్పుడు పక్కవాళ్ల మామిడిని లోపలికి రానివ్వలేదు. గేటు ఒకటే. వేరుశనగే ఆధారంగా బతికిన జిల్లాలో ఆ తీర్పు ఎంతమందికి తెలుసు?

ఇలాంటి తగాదా ఫ్రాన్స్‌లోనూ వచ్చింది. స్పెయిన్ స్ట్రాబెర్రీలు, టమోటాలు వస్తున్నాయని ఫ్రెంచి రైతులు ఏళ్ల తరబడి లారీలను ఆపి సరుకును పారబోశారు. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. 1997లో యూరప్ న్యాయస్థానం రైతులను కాదు, వాళ్లను ఆపని ఫ్రాన్స్ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. అక్కడివి వేర్వేరు దేశాలు. మనది ఒకే దేశం.

ఇక మన సంగతి. కుప్పం నియోజకవర్గం మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉంది. మన పట్టుగూళ్లు రామనగర మార్కెట్‌కు పోతాయి. చంద్రికల (పురుగులు గూడు కట్టే తట్టల) నుంచి విడదీసిన గూడుకు టైము తక్కువ. లోపలి పురుగు చిలుకై గూడును చీల్చుకుని వచ్చిందంటే ఆ దారం రీలింగుకు పనికిరాదు. అంతకు ముందే రోజురోజుకూ తూకం తగ్గుతుంది. అందుకే రైతు రాత్రికి రాత్రే గోనెలు వ్యానులో వేసుకుని తెల్లారేసరికి వేలంలో ఉండాలని చూస్తాడు. ఆ వ్యానును దారిలో ఒక రోజు ఆపితే చాలు, ఆ పంట కష్టమంతా పోతుంది. మదనపల్లె, పుంగనూరు, వి.కోట టమోటాకు చెన్నై, బెంగళూరు కావాలి. 2025 జూన్ 11న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి రాసిన లేఖలో ఈ ప్రమాదాన్నే ప్రస్తావించారు. ప్రతీకారంగా కూరగాయలు, ఇతర పంటల రవాణాకు ఎవరైనా అడ్డుపడవచ్చని హెచ్చరించారు. దాన్ని బెదిరింపుగా చదివినవాళ్లున్నారు. నాకు అది మన టమోటా రైతు తరఫున రాసినట్టే అనిపించింది.

సరుకుకే కాదు, మనుషులకూ ఇదే వర్తిస్తుంది. 2019లో మన రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. అప్పుడు చప్పట్లు కొట్టాం. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం అలాంటి బిల్లుకే ఆమోదం తెలిపింది, గోల రేగాక పక్కన పెట్టింది. అది చట్టమై ఉంటే తెల్లవారుజామున కుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలెక్కే పిల్లలు ఏమయ్యేవాళ్లు? హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని పంజాబ్–హర్యానా హైకోర్టు 2023లో కొట్టేసింది. 2021 మేలో ఊపిరాడని కోవిడ్ రోగులున్న అంబులెన్సులను కర్నూలు దాటాక తెలంగాణ సరిహద్దులో ఆపినప్పుడు మనమంతా మండిపడ్డాం. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్ష మీద స్టే ఇచ్చింది. అంబులెన్సు విషయంలో మనకు అర్థమైన న్యాయం మామిడి లారీ విషయంలో ఎందుకు అర్థం కాలేదు?

ఎందుకంటే ఈ చట్టం మనది కాదని మనకు నూరిపోశారు. 301వ అధికరణ ఢిల్లీ సీనియర్ లాయర్లకు, పన్ను కేసులున్న పెద్ద కంపెనీలకు సంబంధించిందట. మన పిల్లాడు లా చదివితే భూమి తగాదాలు, బెయిలు, చెక్కు బౌన్సు నేర్చుకుంటే చాలట. లా కాలేజీల్లోనూ పదమూడవ భాగాన్ని పరీక్షకు ముందు ఒక గంటలో ముగించేస్తారు. ఇది ఘోరమైన పొరపాటు. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నవాడికి ఈ అధ్యాయం ఏడాదికోసారి కూడా అవసరం పడకపోవచ్చు. కుప్పం వాడికి పాలు, గూళ్లు, కూలి, పెళ్లి సంబంధం అన్నీ సరిహద్దు దాటేవే. దేశంలో ఈ చట్టం మొదట చదవాల్సినవాళ్లు మనమే. 1997లో కర్ణాటక, తమిళనాడు, కేరళ సహకారంతో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది కుప్పంలోనే. మనతో కలిపి ఆ నాలుగు రాష్ట్రాల మధ్య సరుకు, మనిషి ఏ హక్కుతో కదులుతారో చదవడానికి అంతకంటే తగిన చోటు నాకు కనిపించదు.

మామిడి కాపు ప్రతి ఏడూ వస్తుంది, గేటు ఆలోచన మళ్లీ వస్తుంది. రైతు సంఘాల పెద్దలకు నా విన్నపం ఒకటే. ఈసారి ఎవరైనా సరిహద్దు మూస్తామంటే చప్పట్లు కొట్టకండి. ఉత్తర్వు కాపీ అడగండి. ఏ చట్టం కింద ఇచ్చారో, ఆ చట్టానికి రాష్ట్రపతి మంజూరు ఉందో లేదో అడగండి. గుజ్జు నిల్వలు ఎంతున్నాయో, కిలోకు ప్రకటించిన ధర ఇవ్వని ఫ్యాక్టరీ మీద ఏ చర్య తీసుకున్నారో రాతపూర్వకంగా చెప్పమనండి. మన రైతుకు రావాల్సిన డబ్బు అక్కడ ఆగింది.