చెప్పకుండా మూసేసే ప్రదర్శన

బొమ్మల ప్రదర్శన అనగానే మన రాయచూరు తెలుగువాళ్ళకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. ఎవరో కుర్రాడు తన పటాలు గోడకు తగిలించి మూడు రోజులు కూర్చుంటాడు. మొదటిరోజు రిబ్బను కత్తిరించేవారూ, ఫొటో దిగేవారూ వస్తారు. మూడోరోజు మేకులు పీకేస్తుంటే మనం వెళ్ళి "అయ్యో, అయిపోయిందా?" అంటాం.

సరే, అది మూడు రోజుల ముచ్చట. వందల ఏళ్ళుగా తెరిచివున్న ప్రదర్శననైనా చూశామా?

మన కోట లోపలి గోడలో నలభై అడుగులు దాటిన ఏకశిల ఒకటుంది. దానిమీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నారెడ్డి పక్షాన విఠలనాథుడు ఈ కోట కట్టించిన వైనం అందులో ఉంది. ఆ గోడమీదే సన్నని గీతల్లో ఒక బొమ్మ: అంత రాతినీ బండికెక్కించి, బారులు తీరిన దున్నపోతులతో లాగిస్తున్నారు. రాజులూ దేవుళ్ళూ గాక, కష్టం చేసినవాళ్ళు బొమ్మకెక్కిన గోడ అది.

2015లో 'రుద్రమదేవి' సినిమాలో గోన గన్నారెడ్డి తెరమీదికి రాగానే ఈలలు వేసినవాళ్ళం మనమే. ఆయన పేరున్న రాయి ఊళ్ళోనే ఉంటే అటు తొంగిచూడం. ఉగాదికి మాత్రం వేదికెక్కి "ఈ గడ్డమీద తెలుగుకు గుర్తింపు లేదు" అని వాపోతాం. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. రాయి ఉన్నచోటే ఉంది. దూరమైంది మనం.

"కోట ఎక్కడికి పోతుంది, ఎప్పుడైనా చూడొచ్చు" అంటారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో తలనెరిసినవాణ్ణి. ఆస్తి ఉన్నచోటే ఉన్నా ఏటేటా విలువ తరుగుతుందని నాకు తెలుసు. యంత్రానికైతే తరుగుదల పద్దు రాస్తాం. ఎండకూ వానకూ అరిగే గీతకు ఏ పద్దు రాస్తున్నాం? పేరు చెక్కుకోవాలనే సరదా, చేతిలో ఒక మేకు ఉంటే చాలు, ఆ ఖాతా ఒక్కపూటలో మూతపడుతుంది.

"అది ప్రభుత్వం చూసుకోవాలి" అనేవారూ ఉన్నారు. కాపలా వారి పని, ఒప్పుకుంటాను. చూడటం మన పని. చూసేవాళ్ళే లేని బొమ్మకు కాపలా కావాలని అడిగేదెవరు?

ఇది మాదని జెండా పాతమనడం లేదు. శాసనం తెలుగే గాని, బండి లాగే బొమ్మకు భాష లేదు. కన్నడ మిత్రుణ్ణీ, ఉర్దూ మిత్రుణ్ణీ వెంటబెట్టుకునే వెళ్ళండి. ఏటవాలు ఎండ పడే వేళ చూసి వెళ్తే గీతలు తేటగా కనిపిస్తాయి. పిల్లలచేత ఫొటోలు తీయించండి.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరి బొమ్మలు గోడకెక్కినా మొదటిరోజే వెళ్ళండి. ఆ బండిని గీసినవాడి పేరు మనకు తెలియదు. ఈనాటివాడి పేరైనా అడిగి తెలుసుకుందాం.