ఇంటి ముచ్చట్లు: వానకు తడవని బూట్లు, బాధ చెప్పని కాళ్ళు

పోయిన నెల కుండీలో గోంగూర పెంచడం గురించి రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం మంది మొలవనే లేదన్నారు. మిగతా సగం మంది మొలిచింది గానీ పులుపు రాలేదన్నారు. ఆ తగువు మళ్ళీ ఎండలు వచ్చాక తీర్చుకుందాం. ఈ నెల ఒక సోదరి వేసిన ప్రశ్న చూడండి. "మా అత్తగారూ మామగారూ మొదటిసారి ఈ దేశం వస్తున్నారు. ఇద్దరికీ పొద్దున్నే నడిచే అలవాటు. ఇక్కడి వానలో నడవడానికి ఎలాంటి బూట్లు కొనాలి? గట్టిగా ఉండాలి, నీళ్ళు లోపలికి రాకూడదు, కాలికి హాయిగా ఉండాలి."

మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ సరిగ్గా ఈ మూడు కోరికలే, ఈ వరసలోనే పెట్టుకుని కొట్టుకు వెళ్ళాను. కోరికలు మంచివే గానీ వరస తప్పు. ఆ తప్పుకు నెలన్నర కట్లు కట్టుకోవలసి వచ్చింది, నాకు కాదు, ఆయనకు.

ముందు ఇక్కడి వాన సంగతి. గుంటూరులో ఏడాదంతా కురిసే వానా, మాంచెస్టరులో కురిసే వానా కొలిస్తే దాదాపు సమానమే, రెండు చోట్లా సుమారు 850 మిల్లీమీటర్లు. నమ్మబుద్ధి కాదు కదా! తేడా ఎక్కడంటే, మన ఊళ్ళో వాన వస్తే కుండపోతగా వచ్చి వెళ్ళిపోతుంది. మర్నాటికి నేల ఆరుతుంది, చెప్పులు ఆరతాయి. ఇక్కడ అంత నీళ్ళనూ ఏడాదిలో 150 రోజులకు పంచి చిలకరిస్తాడు దేవుడు. అంచేత గడ్డి ఆరదు, బాట ఆరదు, బూటు ఆరదు. ఇక కొండల్లోకి వెళ్ళారా, లెక్క మారిపోతుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లో సీత్‌వెయిట్ అనే చిన్న పల్లెలో ఏడాదికి మూడు మీటర్లకు మించి కురుస్తుంది. ఇంగ్లండులో జనం కాపురముండే చోట్లలో అన్నిటికన్నా తడి ఊరు అదేనని పేరు.

2016 వేసవిలో ఆ లోయకే నాన్నగారిని తీసుకువెళ్ళాం. బయలుదేరే ముందురోజు సాయంత్రం కొట్టు మూసే వేళకు పరుగెత్తి బూట్లు కొన్నాను. ఆయన్ని వెంట తీసుకువెళ్ళలేదు. ఆయన చెప్పుల అడుగున 8 అని ఉంది, నేను 8 నంబరు తెచ్చాను. మన దేశంలో చెప్పుల నంబర్లు బ్రిటిష్ లెక్కలోనే ఉంటాయి గనుక సరిపోతుందని నా ధీమా. నీళ్ళు రావని అట్టమీద రాసి ఉంది, అడుగు మందంగా ఉంది, ధర సగానికి తగ్గించారు. ఇంకేం కావాలి? ఇంటికి తెచ్చి తొడిగి "ఎలా ఉన్నాయి నాన్నా?" అంటే "బ్రహ్మాండంగా ఉన్నాయిరా" అన్నారు.

కెజిక్ ఊరి పక్కన డెర్వెంట్‌వాటర్ సరస్సు గట్టున రెండు గంటలు నడిచాం. సన్నటి జల్లు. ఆయన మా అందరికన్నా ముందు నడిచారు. రాత్రి బసకు వచ్చి బూట్లు విప్పితే కుడికాలి మేజోడు చిటికెనవేలి దగ్గర ఎర్రగా తడిసి ఉంది. వేలి పక్కన చర్మం లేచిపోయింది. "నొప్పి పుట్టలేదా మామయ్యగారూ?" అని మా ఆవిడ అడిగితే ఆయన తన కాలిని వేరెవరి కాలో అన్నట్టు చూసి, "లేదమ్మా, ఏమీ తెలియలేదే" అన్నారు.

మా ఆవిడ డాక్టరు. అప్పటికే ఆయనకు షుగరు వచ్చి పన్నెండేళ్ళు. మాత్రల చీటీ చూసింది, రక్తం పరీక్ష చూసింది, కాళ్ళు మాత్రం ఆ రాత్రి దాకా చూడలేదు. మామగారి పాదాలు పట్టుకు చూస్తానంటే ఆయన ఒప్పుకోరు, అది వేరే సంగతి. చెప్పులో రాయి ఎంత బాధపెడుతుందో వేమన చెప్పగా మనం బడిలో వల్లె వేశాం. ఆ రాయి ఉన్నట్టే తెలియకపోతే అంతకన్నా ప్రమాదమని ఆ రాత్రి తెలిసింది. షుగరు చాలా ఏళ్ళు ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారవచ్చు. బూటు కరుస్తున్నా కాలు కబురు పంపదు. ఆ పైన రక్తప్రసారం కూడా తక్కువైతే చిన్న పుండు మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి వేలికే ముప్పు తెస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. పుండు మానాక ఒకనాడు ఆయనే అన్నారు: "కొంచెం బిగుతుగా ఉన్నాయని తొడగ్గానే అనిపించిందిరా. పౌన్లు పోసి తెచ్చావు, ఏమంటాం?" నరాలు చెప్పనిది కొంత, మొహమాటం చెప్పనివ్వనిది కొంత. మన పెద్దవాళ్ళు ధరను రూపాయల్లోకి మార్చుకున్నాక ఇక ఏ వస్తువునూ బాగాలేదనరు. కనుక "ఎలా ఉన్నాయి?" అని అడిగి ఊరుకోకండి. కింద చెప్పినట్టు మీరే చూసుకోండి.

మొదటిది కాలికి హాయి. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళండి, అదీ మధ్యాహ్నం దాటాక. పొద్దుటికన్నా సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. నడిచేటప్పుడు వేసుకునే మందపాటి మేజోళ్ళు తీసుకువెళ్ళండి. నిలబెట్టి రెండు పాదాలూ కొలిపించండి. చాలామందికి ఒక పాదం రెండోదానికన్నా పెద్దది, పెద్ద పాదానికే కొనాలి. పాత నంబరును నమ్మవద్దు. వయసుతో పాదం పొడవూ వెడల్పూ కూడా కాస్త పెరుగుతుంది. ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడోవంతు మాత్రమే. ఆ మూడోవంతు దగ్గరే మేము దెబ్బతిన్నాం.

పొడవుతో పాటు వెడల్పు కూడా చూడాలి. చిన్నప్పటినుంచీ ఉత్తికాళ్ళతో, చెప్పులతో తిరిగిన పాదం వేళ్ళ దగ్గర విసనకర్రలా విచ్చుకుంటుంది. అది పాదానికి మంచిదే గానీ ఇక్కడి బూట్ల మూతి సన్నం. వెడల్పును అక్షరాల్లో చెప్పే కంపెనీలు ఇక్కడ కొన్ని ఉన్నాయి. సాధారణంగా మగవారికి జి అంటే మామూలు, హెచ్ అంటే వెడల్పు. ఆడవారికి డి మామూలు, ఇ వెడల్పు. అడిగితే ఇస్తారు, అడగకపోతే మామూలుదే చేతిలో పెడతారు. బూటు లోపలి అట్టను బయటికి లాగి నేలమీద పెట్టి దానిమీద నిలబడమనండి. పాదం అట్ట అంచు దాటి బయటికి పొర్లితే ఆ బూటు కరిచి తీరుతుంది. ఇంత తేలికైన పరీక్ష ఇంకొకటి లేదు.

తొడిగాక అన్నిటికన్నా పొడుగు వేలి ముందు మీ బొటనవేలంత ఖాళీ ఉండాలి. కొట్లో ఏటవాలు పలక ఉంటే దానిమీద, లేకపోతే మెట్లమీద, కిందికి దిగమనండి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు కొట్టుకోకూడదు. ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు. బూటును చేత్తో వంచి చూడండి. వేళ్ళు వంగే చోట వంగాలి, నడుమ విరిగినట్టు వంగేది పనికిరాదు. లోపల చెయ్యి పెట్టి తడమండి, కుట్లు గరుకుగా తగిలితే వద్దు.

రెండోది నీళ్ళు. పూర్వం ఇక్కడివాళ్ళు తోలు బూట్లకు మైనమో డబ్బినో పూసుకుని నడిచేవారు, ఇప్పటికీ అది మంచి పద్ధతే. తరువాత వచ్చింది పొర. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్ కడ్డీని వేడిచేసి ఒక్కసారిగా లాగితే అది తెగకుండా సాగి, కంటికి కనబడని రంధ్రాలతో పల్చబడింది. ఆ రంధ్రాలు నీటిబొట్టు కన్నా వేల రెట్లు చిన్నవి, ఆవిరి కణం కన్నా వందల రెట్లు పెద్దవి. కనుక వాన లోపలికి రాదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. దానికే గోర్‌టెక్స్ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇలాంటి పొరలు ఇతర కంపెనీలవి కూడా ఉన్నాయి.

అయితే దానికీ హద్దులున్నాయి. పైగుడ్డ బాగా నానిపోతే ఆవిరి బయటికి పోవడం తగ్గి, లోపల చెమటతోనే మేజోళ్ళు తడుస్తాయి. బూటు కారుతోందని మనం కంపెనీని తిట్టుకుంటాం. అంచేత అప్పుడప్పుడూ కడిగి, నీళ్ళు జారిపోయే మందు పైన పుయ్యాలి. పొర ఒకసారి చిరిగితే అతుకు పడదు. అన్నిటికన్నా ముఖ్యం లేసుల కింద ఉండే నాలుక. దానికి రెండు పక్కలా గుడ్డ కలిపి పైదాకా కుట్టి ఉండాలి. విడిగా వేలాడే నాలుక ఉంటే పొర ఎంత గొప్పదైనా నీళ్ళు పక్కనుంచి వచ్చేస్తాయి. పొద్దున తడిగడ్డిలో నడిచేవారికి చీలమండ దాకా వచ్చే బూటు మేలు. ఊళ్ళో సిమెంటు బాటమీద నడిచేవారికి పొట్టిది చాలు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తోటపనికే గానీ నడకకు కావు. వాటిలో మడమ ఆడుతుంది, చెమట పోదు.

మూడోది మన్నిక. అడుగున లోతైన గాళ్ళు ఉండాలి. ఈ గాళ్ళకూ ఒక కథ ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో వాతావరణం చెడి ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ళ బూట్లు ఆ చలికీ మంచుకూ తగినవి కావు. వాళ్ళ మిత్రుడు వితాలే బ్రమానీ ఆ దుఃఖంతో పట్టుబట్టి 1937లో రబ్బరు అడుగు తయారుచేశాడు. వైబ్రమ్ అనే పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. అయినా గడ్డకట్టిన మంచుమీద ఏ రబ్బరూ నిలవదు. ఆ పొద్దుట పెద్దవాళ్ళను గడప దాటనివ్వకండి, ఇంట్లోనే నాలుగు చుట్లు తిరగమనండి.

మనవాళ్ళ బూట్లు అన్నిటికన్నా ముందు చచ్చేది మడమ దగ్గర. మనం గడప దగ్గర విప్పుతాం, గుళ్ళో విప్పుతాం, పేరంటానికి వెళితే విప్పుతాం. విప్పినన్నిసార్లూ లేసు ముడి వదలకుండా మడమ తొక్కి తొడుగుతాం. నెల తిరిగేసరికి వెనకభాగం చెప్పులా పడుకుంటుంది. అయిదు పౌన్లలోపు పొడుగాటి తొడుగు చెంచా దొరుకుతుంది, గుమ్మం దగ్గర వేలాడదీయండి. వంగలేని పెద్దవాళ్ళకు లేసుల బదులు పట్టీ అంటించేవి కొనండి. తడిసి వచ్చిన బూట్లను రేడియేటరు మీద పెట్టకండి. తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. లోపలి అట్ట తీసి, పాత కాగితాలు కుక్కి, నీడన ఆరబెట్టండి. మన పత్రిక పేజీలు మాత్రం కుక్కవద్దు. దీని సిరా సంగతి మీకు తెలుసు.

షుగరున్న పెద్దలకు ఇంకొన్ని జాగ్రత్తలు. కొత్త బూట్లు మొదట్లో ఇంట్లోనే గంటసేపు తొడిగించి, విప్పి, చర్మం ఎర్రబడిందేమో చూడండి. మేజోళ్ళు తెల్లవి వేయండి, రక్తం మరక వెంటనే కనబడుతుంది. తొడిగే ముందు బూటు బోర్లించి దులపండి. రాత్రి పాదాలు పైనా కిందా వేళ్ళ సందుల్లోనూ చూడండి, అడుగు కనబడకపోతే అద్దం పెట్టండి. పుండు కనబడితే ఆ రోజే డాక్టరుకు చూపించండి. స్పర్శ బొత్తిగా పోయినవారు పొడియాట్రిస్టు చూసి చెప్పిన బూట్లే వేసుకోవాలి. ఇక్కడ షుగరున్నవారికి ఏడాదికొకసారి పాదాల పరీక్ష చేస్తారు. మనలో నలభై దాటిన డాక్టర్లు ఎంతమంది తమ పరీక్ష చేయించుకున్నారో నేను అడగను, మీ ఇంట్లోవాళ్ళను అడగమంటాను.

చివరగా నాన్నగారి రెండో జత సంగతి. పుండు మానాక ఆయన్ని వెంటబెట్టుకుని 9 నంబరు, వెడల్పుది కొన్నాం. మిగిలిన రెండు నెలలూ వానైనా జల్లైనా పార్కులో నడిచారు. తిరిగి వెళ్ళేటప్పుడు గుంటూరు పట్టుకెళ్ళారు. 2022లో మళ్ళీ వచ్చినప్పుడు ఎదురెళ్ళాను. విమానాశ్రయం తలుపు తోసుకుని, సూటు మీద కోటు, కాళ్ళకు హవాయి చెప్పులతో ఆయన దర్శనమిచ్చారు. నవంబరు చలి! ఏమైంది నాన్నా అంటే, సంచిలోంచి ఆ బూట్లు తీసి చూపించారు. పైతోలు కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది, అడుగు మాత్రం పాత రొట్టెలా పొడి పొడిగా రాలుతోంది. శంషాబాదులో లోపలికి నడుస్తుండగానే ఊడిందట. "ఆరేళ్ళూ అట్టపెట్టెలో బీరువాలో దాచానురా. ఒక్కరోజు కూడా తొడగలేదు, పాడవుతాయని" అన్నారు.

అందులో ఆయన తప్పేమీ లేదు. ఇప్పటి బూట్ల అడుగున మెత్తదనం కోసం పాలీయురిథేన్ అనే పదార్థం వేస్తారు. గాలిలోని తేమ దాన్ని కొద్దికొద్దిగా విరగ్గొడుతుంది. వేడీ ఉక్కా ఉన్న చోట ఇంకా త్వరగా. వాడినా వాడకపోయినా దాని ఆయుష్షు కరుగుతూనే ఉంటుంది. పట్టుచీర దాచినట్టు బూట్లు దాస్తే దక్కవు. మన్నిక అంటే దాచుకోవడం కాదని మీ అత్తగారికీ మామగారికీ ఆ సోదరి ముందే చెప్పాలి. ఊరికి తీసుకువెళ్ళాక కూడా రోజూ తొడుక్కుని తిరగమనాలి.

ఆ మర్నాడే నాన్నగారిని కొట్టుకు తీసుకువెళ్ళాను. ఈసారి ఆయనే లోపలి అట్ట లాగి నేలమీద పెట్టి నిలబడ్డారు. కొట్టు అబ్బాయి వింతగా చూశాడు. మూడో జత చూశాక తల అడ్డంగా ఊపి, "ఇది బిగువురా, ఇంకోటి చూపించమను" అన్నారు. ధర అడగలేదు.

వచ్చే నెల: ఇక్కడి పాలు తోడుకోకపోవడానికి కారణాలు.