గెలిచినవారికి ఎదురయ్యే పరీక్ష

స్విట్జర్లాండ్ పేరు వినగానే మనలో చాలామందికి శాంతి గుర్తుకు వస్తుంది. మంచుకొండలు, పచ్చిక బయళ్ళు, గడియారాలు, ఎవరి పోరులోనూ తలదూర్చని ప్రభుత్వం మనసులో మెదులుతాయి. ఆ ప్రజలు పుట్టుకతోనే శాంతస్వభావులనీ, ఎత్తయిన కొండలు కంచెలా నిలబడినందువల్ల కలహాలు వారి దరి చేరలేదనీ అనుకునేవారు ఉన్నారు. చరిత్ర ఇందుకు భిన్నమైన మాట చెబుతుంది. కొన్ని శతాబ్దాల పాటు ఆ కొండసీమలు బయటి దేశాలకు పంపిన ముఖ్యమైన సరుకు గడియారం కాదు, సైనికుడు. అంతేకాదు, ఒకే క్రైస్తవ ధర్మంలోని రెండు శాఖలవారు అక్కడ 1531లో, 1656లో, 1712లో, 1847లో ఒకరిపై ఒకరు కత్తి దూశారు. శాంతి వారికి వారసత్వంగా దొరికిన ఆస్తి కాదు. ఎన్నో దెబ్బలు తిన్న తరువాత నేర్చుకున్న పాఠం. ఆ పాఠాన్ని వారు ఎలా నేర్చుకున్నారో, ఎక్కడెక్కడ మరచిపోయారో ఈ నెల పరిశీలిద్దాం.

1291లో ఊరీ, ష్విట్స్, ఉంటర్‌వాల్డెన్ అనే మూడు కొండలోయల ప్రజలు ఆపదలో ఒకరికొకరు అండగా నిలబడాలని ఒడంబడిక చేసుకున్నారు. ఆ తరువాత లుసెర్న్, జ్యూరిచ్, బెర్న్ వంటి నగరాలు వారితో చేరాయి. కాంటన్లు అని పిలువబడే ఈ సీమలకు ఉమ్మడి రాజు లేడు, ఉమ్మడి ఖజానా లేదు. పశువుల మేతకు పనికివచ్చే కొండనేల అందరి కడుపూ నింపలేకపోయింది. ఇంట్లో పెద్దవాడికి పొలం మిగిలితే, చిన్నవాళ్ళకు పొడవాటి ఈటె మిగిలింది. ఫ్రాన్సు రాజులు, మిలాన్ ప్రభువులు, పోపులు, డచ్చివారు ఆ యువకులను కూలి సైనికులుగా కొనుక్కున్నారు. ఒప్పందం కుదిర్చిన పెద్ద కుటుంబాలకు ఏటేటా భరణాలు అందేవి. రక్తం పేదవాడిది, ఆదాయం పెద్దింటిది.

ఈ వ్యాపారం చివరకు ఎక్కడికి దారితీసిందో చూడండి. 1515లో మారిన్యానో రణరంగంలో ఫ్రాన్సు ఫిరంగుల ముందు వేలాది స్విస్ సైనికులు నేలకొరిగారు. ఆ ఓటమితో రాజ్యవిస్తరణ ఆశ చల్లారిందే గాని కూలి సైన్యాల వ్యాపారం ఆగలేదు. 1709లో మాల్‌ప్లాకే యుద్ధంలో డచ్చివారి పక్షాన ఒక స్విస్ దళం, ఫ్రాన్సు పక్షాన మరొక స్విస్ దళం నిలబడి పరస్పరం చంపుకొన్నాయి. ఒకే సీమ బిడ్డలు, ఒకే భాష మాట్లాడేవారు, ఎవరి రాజ్యం కోసమో ఒకరినొకరు పొడుచుకున్నారు.

ఈ కథకు మన దక్కనుతో కూడా సంబంధం ఉంది. న్యూషాతెల్ ప్రాంతానికి చెందిన ద మురాన్ అనే ప్రభువు 1781లో డచ్చి వర్తక సంస్థ కోసం ఒక దళాన్ని సమకూర్చాడు. 1795లో ఆ దళం ఆంగ్లేయుల కొలువులోకి మారింది. 1799 మే 4న శ్రీరంగపట్టణం కోటగోడను ఎక్కి లోపలికి చొరబడిన సేనలలో ఆ దళం సైనికులు కూడా ఉన్నారు. టిప్పు సుల్తాన్ వీరమరణం పొందినది ఆ రోజే. ఆల్ప్స్ లోయలలో పుట్టినవాడికి మైసూరుతో ఏ పగ ఉంటుంది? జీతం తప్ప వేరే కారణం లేదు. అయితే వేలెత్తి చూపే ముందు మరొక వాస్తవాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఆ ముట్టడిలో ఆంగ్లేయుల పక్షాన నిలిచిన సైన్యాలలో మీర్ ఆలం నాయకత్వంలో వెళ్ళిన హైదరాబాదు నిజాము సైన్యం కూడా ఉంది.

ఇక ఇంటి కలహం సంగతికి వద్దాం. 16వ శతాబ్దంలో జ్యూరిచ్ నగర మతబోధకుడు జ్వింగ్లీ కూలి సైన్యాల వ్యాపారాన్ని తీవ్రంగా ఖండించాడు. సైన్యంతో పాటు ఇటలీకి వెళ్ళి ఆ మరణాలను కళ్ళారా చూసినవాడు ఆయన. కాని చర్చి సంస్కరణ విషయంలో కాంటన్లు రెండుగా చీలిపోయాయి. 1529లో కాపెల్ వద్ద ఇరుపక్షాల సేనలు ఎదురెదురుగా దిగాయి. మధ్యవర్తులు మాట్లాడుతున్న సమయంలో, సరిహద్దు మీద పెద్ద పాత్ర పెట్టి, ఒక పక్షం పాలు, మరొక పక్షం రొట్టె తెచ్చి, సైనికులందరూ కలిసి భుజించారని ఆ దేశంలో నేటికీ చెప్పుకొంటారు. ఆ రోజు యుద్ధం తప్పింది. రెండేళ్ళు గడవగానే అదే కాపెల్ వద్ద యుద్ధం జరిగింది. సైనికులను అమ్ముకోవద్దని బోధించిన జ్వింగ్లీ స్వయంగా ఆ యుద్ధంలో హతుడయ్యాడు. ఒక పూట కలిసి తిన్నంత మాత్రాన వివాదం సమసిపోదు. వివాదానికి మూలమైన అన్యాయాన్ని సరిదిద్దే నియమం కూడా ఉండాలి. ఆ నియమం దొరకడానికి వారికి మరో మూడు వందల ఏళ్ళు పట్టింది.

1841లో ఆర్గావ్ కాంటన్ ప్రభుత్వం తన పరిధిలోని కాథలిక్ మఠాలను మూసివేసింది. దానికి బదులుగా అన్నట్లు 1844లో లుసెర్న్ కాంటన్ ఉన్నత విద్య బాధ్యతను జెసూట్ గురువులకు అప్పగించింది. ప్రొటెస్టెంట్ కాంటన్ల నుండి సాయుధ ముఠాలు లుసెర్న్ మీదికి రెండుసార్లు దండెత్తి విఫలమయ్యాయి. భయపడిన ఏడు కాథలిక్ కాంటన్లు 1845 డిసెంబరులో తమలో తాము రక్షణ కూటమి కట్టాయి. లుసెర్న్, ఊరీ, ష్విట్స్, ఉంటర్‌వాల్డెన్, త్సూగ్, ఫ్రైబూర్, వలే అనే ఈ ఏడింటి కూటమిని ప్రత్యర్థులు సోండర్‌బుండ్, అంటే వేరు కూటమి అన్నారు. ఉమ్మడి సభ దానిని రద్దు చేయాలని 1847లో తీర్మానించింది. వారు వినలేదు. యుద్ధం తప్పనిసరి అయింది.

ఆ యుద్ధానికి సేనాధిపతిగా ఉమ్మడి సభ జెనీవా వాసి అయిన గియోమ్ హెన్రీ డ్యూఫూర్‌ను ఎన్నుకుంది. ఆయనకు అప్పటికి 60 ఏళ్ళు. వృత్తిరీత్యా ఇంజనీరు, వంతెనలు కట్టినవాడు, దేశమంతటినీ కొలిచి పటం గీయించినవాడు. ప్రతి లోయ, ప్రతి బాట తెలిసిన మనిషి. ప్రత్యర్థి కూటమి సేనాధిపతి సాలిస్ సోలియో కాథలిక్ కాదు, ప్రొటెస్టెంట్ అన్న సంగతి గమనించదగినది. మతం పేరు పెట్టుకున్న కలహాలలో మతం ఒక్కటే ఉండదు. అధికారం, భయం, పాత లెక్కలు కూడా దాని వెనుక నిలబడి ఉంటాయి.

డ్యూఫూర్ తన సేనానులకు ఇచ్చిన ఆజ్ఞలు ఆనాటి యూరపులో అరుదైనవి. కాథలిక్ చర్చిలకు ఎట్టి పరిస్థితిలోనూ హాని జరగరాదు. శత్రుపక్షంలో గాయపడినవారికి స్వపక్షీయులతో సమానంగా చికిత్స చేయాలి. ఖైదీలను కొట్టరాదు, అవమానించరాదు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను, మతగురువులను కాపాడాలి. ఎదుటివారు దుర్మార్గం చేసినా ప్రతీకారానికి దిగరాదు. కేవలం గెలిస్తే చాలదనీ, నింద లేకుండా గెలవాలనీ ఆయన సైనికులకు నచ్చజెప్పాడు. ఆయన చేతిలో దాదాపు లక్ష మంది సైన్యం ఉంది. ఆ బలాన్ని చంపడానికి కాక, పోరాటం వ్యర్థమని ఎదుటివారికి చూపడానికే ఎక్కువగా వాడాడు. ఫ్రైబూర్ నగరాన్ని అన్ని వైపులా చుట్టుముట్టి, తన బలమెంతో తెలియజేసి, లొంగిపోవడానికి గడువిచ్చాడు. నవంబరు 14న ఆ నగరం లొంగిపోయింది. 23న గిసికోన్ వద్ద జరిగిన పోరు తరువాత లుసెర్న్ లొంగింది. 29న చివరి కాంటన్ అయిన వలే ఆయుధాలు దించింది. నాలుగు వారాలైనా నిండని ఆ యుద్ధంలో ఇరుపక్షాల మృతులు కలిపి సుమారు వంద మంది. ఆజ్ఞలన్నీ అక్షరాలా అమలయ్యాయని చెప్పలేము, కొన్నిచోట్ల దోపిడీ జరిగింది. అయినా లక్షమంది ఆయుధాలు పట్టిన అంతర్యుద్ధం ఇంత తక్కువ రక్తంతో ముగియడం చరిత్రలో బహు తక్కువ.

తరగతిలో యుద్ధాల పాఠం వచ్చినప్పుడు విద్యార్థులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న గెలిచింది ఎవరని. ఆ తరువాత ఏమి చేశారన్నది అడగవలసిన రెండవ ప్రశ్న అని మేము చెబుతూ ఉంటాము. స్విస్ కథలో అసలు విషయం ఆ రెండవ ప్రశ్నలోనే ఉంది.

గెలిచినవారు తలచుకుంటే ఓడిన కాంటన్లను సామంతులుగా మార్చుకోగలిగేవారే. అలా చేయలేదు. పది నెలలు తిరగక ముందే, 1848 సెప్టెంబరు 12న కొత్త రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందులో రెండు సభలు ఏర్పరిచారు. ఒకదానిలో జనాభాను బట్టి స్థానాలు. రెండవదానిలో చిన్నదైన ఊరీకి ఎన్ని స్థానాలో, పెద్దదైన బెర్న్‌కూ అన్నే స్థానాలు, అంటే రెండేసి. రెండు సభలూ ఒప్పుకోనిదే చట్టం లేదు. అంటే ఓడిన చిన్న కాంటన్ల గొంతు నొక్కే అధికారాన్ని గెలిచినవారు తమంతట తామే వదులుకున్నారు. జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్ మూడింటినీ జాతీయ భాషలుగా గుర్తించారు. విదేశాలతో కొత్తగా సైనికుల ఒప్పందాలు చేసుకోవడాన్ని నిషేధించారు. ఓడిన కాంటన్లపై మోపిన యుద్ధవ్యయంలో మిగిలిన బాకీని 1852లో మాఫీ చేశారు. 1891లో ఓడిన పక్షానికి వారసుడైన కాథలిక్ నాయకుడు యోసెఫ్ త్సెంప్‌ను ఏడుగురు సభ్యుల కేంద్ర ప్రభుత్వంలోకి ఎన్నుకున్నారు. ఓడినవాడికి గౌరవం మిగిల్చినందువల్లనే అతడు మళ్ళీ కత్తి వెతుక్కోలేదు.

ఆ యుద్ధంలో మొలిచిన మంచి విత్తనం దేశం దాటి కూడా ఫలించింది. సోల్ఫెరీనో రణరంగంలో దిక్కులేక పడి ఉన్న క్షతగాత్రులను చూసి చలించిన హెన్రీ డ్యునాంట్ 1863లో జెనీవాలో మరి నలుగురితో కలిసి ఒక సంఘాన్ని స్థాపించాడు. అదే తరువాత రెడ్‌క్రాస్ అయింది. దాని మొదటి అధ్యక్షుడు మరెవరో కాదు, డ్యూఫూరే. 1864 ఆగస్టు 22న కుదిరిన జెనీవా ఒప్పందం గాయపడిన సైనికుడు ఏ పక్షంవాడైనా చికిత్సకు అర్హుడని ప్రకటించింది. మరుసటి సంవత్సరమే ఉస్మానియా సామ్రాజ్యం కూడా ఆ ఒప్పందంలో చేరింది. 1876లో మొదలైన యుద్ధకాలంలో శిలువకు బదులు ఎర్ర నెలవంకను తన గుర్తుగా ప్రకటించింది. నేడు మనం చూసే రెడ్ క్రెసెంట్ ఆనాటిదే.

ఇంతటితో ఆపితే ఇది పొగడ్త అవుతుంది, చరిత్ర కాదు. గెలిచినవారి న్యాయం అందరికీ అందలేదు. అదే 1848 రాజ్యాంగం జెసూట్లను దేశంలో నిషేధించింది. ఆ నిషేధం 1973 వరకు కొనసాగింది. నచ్చిన చోట నివసించే హక్కును క్రైస్తవులకు మాత్రమే ఇచ్చింది. 18వ శతాబ్దంలో ఆర్గావ్‌లోని ఎండింగెన్, లెంగ్‌నావ్ అనే రెండు గ్రామాలకే పరిమితమైన యూదులకు ఆ హక్కు 1866 దాకా దక్కలేదు. అదీ ఫ్రాన్సుతో వాణిజ్య ఒప్పందం కుదిరి, ఫ్రెంచి యూదుడికి ఉన్న హక్కు స్వదేశీ యూదుడికి లేదనే విడ్డూరం బయటపడిన తరువాతే. దేశవ్యాప్త ఎన్నికలలో స్త్రీలకు ఓటు 1971లో గాని రాలేదు. 1959లో ఇదే ప్రశ్న అడిగితే పురుషులు కాదన్నారు. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లోనైతే 1990లో న్యాయస్థానం ఆజ్ఞాపించవలసి వచ్చింది.

2009 నవంబరు 29న ఆ దేశ ప్రజలు కొత్త మినార్ల నిర్మాణాన్ని రాజ్యాంగంలోనే నిషేధిస్తూ ఓటు వేశారు. అనుకూలంగా వచ్చిన ఓట్లు 57.5 శాతం. అప్పటికి దేశం మొత్తం మీద ఉన్న మినార్లు నాలుగు మాత్రమే. ప్రభుత్వం, పార్లమెంటు ఈ ప్రతిపాదనను తిరస్కరించమని ప్రజలను కోరాయి. డ్యూఫూర్ నగరమైన జెనీవా సీమ కూడా తిరస్కరించింది. అయినా నెగ్గింది. సోండర్‌బుండ్ యుద్ధం ముగిసింది కూడా నవంబరు 29నే. ఆ రోజు, పక్కవాడి ప్రార్థనా మందిరానికి హాని చేయవద్దన్న ఆజ్ఞతో నడిచిన సైన్యం గెలిచింది. సరిగ్గా 162 ఏళ్ళ తరువాత, ఆయుధమేదీ లేకుండానే, పక్కవాడి ప్రార్థనా మందిరం ఎలా ఉండాలో తాము నిర్ణయిస్తామన్న సంఖ్యాబలం గెలిచింది. ఓటు పెట్టె దగ్గర డ్యూఫూర్ ఆజ్ఞ చదివి వినిపించేవారు ఎవరూ ఉండరు. అక్కడ ప్రతి ఓటరూ తనకు తానే సేనాధిపతి.

ఈ వార్త మనలను బాధించడం సహజం. కాని ఆ బాధ ఒక ఫిర్యాదుగా మాత్రమే మిగిలిపోతే ఈ చరిత్ర వల్ల మనకు ప్రయోజనం లేదు. సంఖ్యలో తక్కువగా ఉన్నచోట న్యాయం కోరడం అందరికీ తెలుసు. ఎక్కువగా ఉన్నచోట న్యాయం చేయడమే కష్టం. మనం కూడా ఎక్కడో ఒకచోట ఎక్కువమందిమే, ఎక్కడో ఒకచోట గెలిచినవారమే. మస్జిద్ కమిటీ ఎన్నికలో గెలిచిన వర్గం, ఓడిన వర్గం పెద్దలకు మొదటి వరుసలో గౌరవం మిగులుస్తుందా? ఆస్తి తగాదాలో తీర్పు తన పక్షాన వచ్చిన అన్న, తమ్ముడి ఇంటికి పండుగనాడు ముందుగా తానే వెళతాడా? ఆడబిడ్డ వాటా విషయంలో అన్నదమ్ములందరూ ఒక్క మాట మీద ఉన్నప్పుడు, ఒంటరిగా నిలబడిన ఆమె మాట ఎవరు వింటారు? మన వీధిలో ఒకటో రెండో ఇళ్ళుగా ఉన్న ఇతర ధర్మాలవారు మన మధ్య నిశ్చింతగా నిద్రపోగలుగుతున్నారా?

ఈ ప్రశ్నలకు జవాబు ఏ రాజ్యాంగంలోనూ దొరకదు. ఈ వారం మీ ఇంట్లో లేదా మీ మహల్లాలో మీరు గెలిచిన ఒక వివాదాన్ని గుర్తు చేసుకోండి. ఓడినవారికి మిగిలిన బాకీ ఏదైనా ఉంటే, అది డబ్బు కావచ్చు, ఒక మాట కావచ్చు, దానిని మాఫీ చేసే అవకాశం మీ చేతిలోనే ఉంది.