సర్కారునకు లస్కరు నేర్పు పాఠము

మన గోదావరి, కృష్ణా మండలములకు పూర్వము సర్కారు జిల్లాలని పేరు. పాలకులు మాఱినను ఆ పేరు కాకినాడకు పోవు రైలుబండి పేరునందు నేటికిని నిలిచియున్నది. సర్కారను మాట చెవిని పడగానే మన పల్లెలవారి మనస్సున రెండు భావములు కలుగును. ఒకటి ఆశ, రెండవది భయము. 'సర్కారు ఇచ్చును' అను నోటనే 'సర్కారు తీసికొనును' అను మాటయు వెలువడును. ప్రజల బ్రతుకుతెరువునందును, ఆరోగ్యమునందును రాజ్యము ఎంతవఱకు పూనుకొనవలెనని మా పెద్దతరగతుల విద్యార్థులు వాదించుకొనుచుండగా మేము పలుమాఱులు వినియున్నాము. ఆ విషయమున మా యభిప్రాయమును ఈ సంచికయందు విన్నవింప నెంచితిమి.

లోకమున ఈ విషయమై రెండు పక్షములు గలవు. వ్యాపారము, వైద్యము, ఉద్యోగము మొదలగువానిని ప్రజలకే విడిచి, రాజ్యము దొంగలను పట్టి న్యాయస్థానములను నడిపిన చాలునని ఒక పక్షమువారందురు. ఆకలిగొన్నవానికి అన్నము, రోగికి మందు, చదివినవానికి కొలువు రాజ్యమే ఇయ్యవలెనని రెండవ పక్షమువారందురు. మేము ఈ రెంటిలో దేనియందును పూర్తిగా చేరజాలము. ఈ విషయమున గ్రంథములకంటె మన కాలువలును, మన కొల్లేరును మేలైన గురువులని మా తలంపు.

మొదట కాలువల సంగతి చూతము. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను నాశనముచేసిన కఱవు మన ప్రాంతమును గూడ పీడించెను. గోదావరి నిండుగా ప్రవహించి సముద్రమున కలియుచుండగా దాని గట్టుననే జనులు గంజికి మొగమువాచిరి. ఆర్థర్ కాటన్ దొర ఈ దురవస్థను చూచి, 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని నారంభించి 1852 నాటికి ముగించెను. ఏ వర్తకుడును, ఏ జమీందారును తన సొంత ధనముతో తలపెట్టదగిన పని కాదది. నేడు తాడేపల్లిగూడెపు బియ్యపు మిల్లులలో పనిచేయు కూలివాడును, ఏలూరి బజారులో అంగడి పెట్టుకొన్న వర్తకుడును సర్కారు జీతగాండ్రు కారు. కాని వారి జీవనమునకు మూలమైన నీటిని తెచ్చినది సర్కారే. కాబట్టి రాజ్యము ఊరకుండిన చాలునను మాట మన డెల్టాలో చెల్లదు.

అయితే ఆనకట్ట కట్టుటతోనే మన పొలములు పండుచున్నవా? ఏటేట వేసవిలో కాలువలు కట్టివేయవలెను, పూడిక తీయవలెను, తూము తలుపులు బాగుచేయవలెను. అంతకంటె ముఖ్యముగా, గట్టు వెంబడి తిరుగు లస్కరు ఉండవలెను. ఎగువవాడు గట్టు గండికొట్టి దిగువవాని నీరు అపహరింపకుండ చూచువాడతడే. అతడు ఎవరికిని నీటిని దానము చేయడు. ఎవరి పొలమును దున్నడు. ఎవరి వంతు వారికి చేరునట్లు కావలికాయును. కాటన్ దొర విగ్రహములను ఊరూర నిలిపితిమి, ఉచితమే. కాని విగ్రహము లేని లస్కరు లేకున్నచో ఆ దొర శ్రమ యంతయు ఒక్క యేటిలో వ్యర్థమగును. రాజ్యమునకు ఇచ్చుటకంటె కాచుట గొప్ప ధర్మమని మేము చెప్పదలచిన మాట యిదియే.

కావలి లేని దానము ఏమగునో కొల్లేరు చెప్పుచున్నది. కృష్ణా గోదావరుల నడిమి పల్లమునందున్న ఈ సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల వఱదను తనలో దాచుకొని, ఉప్పుటేటి మార్గమున మెల్లగా సముద్రమునకు విడిచిపెట్టును. 1970 దశకమున ప్రభుత్వమే జాలరుల యొక్కయు, షెడ్యూల్డు కులములవారి యొక్కయు సహకార సంఘములకు సరస్సులో చేపల చెఱువులు ఏర్పఱచి ఇచ్చెను. ఉద్దేశము మంచిదే. కాని ఇచ్చినవారు వెనుదిరిగి చూడరైరి. చెఱువులు క్రమముగా ధనవంతులైన గుత్తదారుల చేతిలోనికి పోయినవి. ఒక గట్టు ప్రక్కన మఱియొక గట్టు లేచినది. చెఱువు ఎవరి పేరిట నుండెనో వారే ఆ చెఱువున కూలివాండ్రైరి.

1999లో అయిదడుగుల కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేరు రాంసార్ ఒడంబడిక పట్టికలోని చిత్తడినేలలలో చేర్పబడెను. 2006లో న్యాయస్థానము ఆజ్ఞమేరకు యంత్రములు వచ్చి గట్లను పగులగొట్టెను. సరస్సునకు ఊపిరి తిరుగవలెనన్న ఆ పని అవసరమే యని మేమును ఒప్పుకొందుము. కాని గట్టు తెగిననాడు పెట్టుబడి పెట్టినవాడు వేఱొకచోట చెఱువు త్రవ్వించుకొనెను. లంకగ్రామముల కూలివాడు మాత్రము మూటకట్టుకొని వలసపోయెను. ఇంతయు జరిగిన పిమ్మట గట్లు నిలువకపోయెనా? కొన్ని యేండ్లకే అవి మరల లేచినవి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి బెజవాడ పేటలను ముంచినప్పుడు, ఆ నీటికి దారి కొల్లేరే గదా యని అందఱికిని జ్ఞప్తికి వచ్చెను. 'నీరు పల్లమెఱుగు, నిజము దేవుడెఱుగు' అని మన పెద్దలనిరి. నీటి పల్లమును సర్కారు గూడ ఎఱిగియుండవలెను.

ఇక ఆరోగ్యము సంగతి. ఇచ్చుటయందు మన ప్రభుత్వములు వెనుకబడియున్నవని మేమనము. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైనది. గుండెకు శస్త్రచికిత్స యన్న పొలము అమ్ముకొనుటయే యని తలచిన కుటుంబములకు అది ప్రాణభిక్షయైనది. 2020 జనవరిలో ఆ పథకమును 2059 చికిత్సలకు విస్తరించుటకు మన పశ్చిమగోదావరి జిల్లానే మొదట ఎన్నుకొని, మన యేలూరిలోనే ప్రారంభోత్సవము జరిపిరి. 2023లో ఏలూరికి ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చెను. ఇవి యన్నియు కృతజ్ఞతతో తలపదగినవే.

కాని అదే 2020వ సంవత్సరము డిసెంబరు మొదటివారమున అదే యేలూరిలో ఏమి జరిగినది? దక్షిణపు వీధి, కొత్తపేట మొదలగు చోట్ల జనులు నిలుచున్నవారు నిలుచున్నట్లే మూర్ఛవచ్చి పడిపోయిరి. కొలది దినములలో ఆఱువందలకు పైగా జనులు రోగులైరి, ఒకరు మృతినొందిరి. ఆడుకొనుచున్న పిల్లలు సయితము నురగలు క్రక్కుచు పడిపోవుటను విన్న ఏ తల్లి గుండె చలింపకుండును? వైద్యులును, నర్సులును రేయింబవళ్లు శ్రమించిరి. ఎవరియొద్దను కాసు పుచ్చుకొనలేదు. ఢిల్లీనుండియు, హైదరాబాదునుండియు శాస్త్రజ్ఞులు వచ్చిరి. రోగుల రక్తమున సీసము, నికెలు అను లోహములు కనబడెననిరి. పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణమై యుండవచ్చునని పిమ్మట పలికిరి. ఆ విషము ఏ మార్గమున ఒడలిలో చేరెనో నిశ్చయముగా తేలలేదు.

పాఠకులు ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూతురుగాక. 2059 చికిత్సల పట్టిక సిద్ధముగానున్న ఊరిలో, త్రాగు నీటిలోను తిను కూరలోను ఏమున్నదో చూచు కావలివాడు లేడాయెను. కాలువగట్టునకు లస్కరు కలడు. కడవలోని నీటికి లస్కరు లేడు. ఆసుపత్రి రోగము వచ్చిన పిమ్మట తెఱచు తలుపు. రోగము రాకుండ మూయవలసిన తలుపు వేఱొకటి కలదు.

కావలి లేని దానమున మఱియొక అపాయము గలదు. పరిశుద్ధ గ్రంథమున యోసేపు చరిత్రను మన విద్యార్థులు ఎఱుగుదురు. సమృద్ధిగల యేడు సంవత్సరములలో పంటలో అయిదవ వంతు కూర్చి, కఱవు యేడు సంవత్సరములలో ఐగుప్తును బ్రతికించినాడని వానిని పొగడుదుము. కాని ఆదికాండము నలువదియేడవ అధ్యాయమును గూడ చదువవలెను. ధాన్యమునకై జనులు మొదట రూకలను, పిమ్మట పశువులను, తుదకు పొలములను తమ్మును ఫరోకు అమ్ముకొనిరి. కొట్లు నిండియుండెను, ప్రాణములు నిలిచెను. స్వాతంత్ర్యము మాత్రము పోయెను. ఇచ్చు చేతినే నమ్ముకొన్న జనులు నేడును ప్రతి యెన్నికలలో ఆ చేతివంకనే చూచుచుందురు. కాచు చేతికి ఎవరును లోబడి యుండనక్కఱలేదు.

'కావలివాడే దొంగయైనచో ఏమి చేయుదుము? కంచెయే చేను మేయదా?' యని కొందఱడుగవచ్చును. ఈ ప్రశ్నను మేము త్రోసివేయము. దీనికి మందు బడిలోనే యున్నది. పరీక్ష ముగియగానే మార్కులను పలకపై అంటింతుము. అది చూచిన పిమ్మట ఏ ఉపాధ్యాయుడును ఒకనికి హెచ్చు, ఒకనికి తగ్గు వేయజాలడు. అట్లే ప్రతి పేటలోను త్రాగునీటి పరీక్షాఫలితమును నెలనెల తెలుగున వ్రాసి గోడపై అంటింపవలెను. కొల్లేటి చెఱువులలో ఏది ఎవరి పేరిట నున్నదో, ఎవరి అనుభవమున నున్నదో గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఒక బ్రతుకుతెరువును తీసివేయక తప్పనప్పుడు, గట్టు తెంచుటకు ముందే ఆ కూలివానికి వేఱు పని చూపవలెను. ఇవి పెద్ద ధనముతో కూడిన పనులు కావు. తీరిక లేని ధర్మబుద్ధితో కూడిన పనులు.

తుదకు మా విద్యార్థులకొక మాట. మీలో పెక్కుమంది సర్కారు కొలువును కోరుచున్నారు. 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడినప్పుడు లక్షకు పైగా ఉద్యోగములు వచ్చెను. మా పూర్వవిద్యార్థులు కొందఱు వానిలో చేరి మా కానందము కలిగించిరి. అట్టి కొలువు దొరికిననాడు ఇంటిలో మిఠాయి పంచుకొనుడు, తప్పులేదు. కాని మఱునాడు మీరు కూర్చుండు బల్ల దానమిచ్చు దొర గద్దె యని తలపవలదు. వర్షాకాలపు రాత్రివేళ, ఎవరును చూడనప్పుడు, లాంతరు చేతబట్టి గట్టు వెంబడి నడచు లస్కరును తలచుకొనుడు. అతడు నిదురించినచో నిదురించుచున్న ఊరు మునుగును. అతడు మేలుకొనియున్నచో, అతని పేరైనను ఎఱుగక, ఊరు తెల్లవారి పొలమునకు పోవును.