సర్వే నంబరు వెతుక్కునే జనం

సాయంత్రం ఆరింటికి తిరుమలగిరి చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే చాలు, అక్కడ ఎలివేటెడ్ కారిడార్ ఎందుకు కావాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కరీంనగర్ బస్సులు, అల్వాల్, బొల్లారం ఇళ్ళకు చేరాల్సిన ఉద్యోగులు, మధ్యమధ్య ఆర్మీ ట్రక్కులు, అందరికీ రాజీవ్ రహదారే దిక్కు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా 18 కిలోమీటర్ల కారిడార్‌కు 2024 మార్చి 7న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం రూ.2,232 కోట్లు. కావాల్సిన భూమి 197 ఎకరాలు. అందులో 113 ఎకరాలు రక్షణ శాఖది, మిగతా 84 ఎకరాలు ప్రైవేటు వ్యక్తులది.

పేచీ ఆ 84 ఎకరాల దగ్గర. రోడ్డుకు రెండు పక్కలా ఇళ్ళు, దుకాణాలు ఉన్నవాళ్ళు జేఏసీగా ఏర్పడ్డారు. పైన వంతెన వేస్తున్నప్పుడు కింద రోడ్డు 200 అడుగులు ఎందుకు, తగ్గించండి అన్నది వాళ్ళ వాదన. అందులో పస ఎంతో లెక్కలు వేసి చెప్పాల్సింది ఇంజినీర్లు. అంతకంటే ముందు ఇంకో చిక్కుంది. ఆ మాట ఏ గుమ్మం ముందు చెప్పుకోవాలి? ఈ ప్రాంతాన్ని చూసే సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డులో 2021 ఫిబ్రవరి నుంచి ప్రజలు ఎన్నుకున్న సభ్యుడే లేడు. 2011 లెక్కల ప్రకారమే రెండు లక్షలకు పైగా జనం ఉన్న ప్రాంతమిది.

తిరుమలగిరి కూడా ఒకప్పుడు పల్లెటూరే. ఇంగ్లీషు దొరలు నోరు తిరగక ట్రిముల్‌ఘెరీ చేసి, చుట్టూ కందకం తవ్వి దండు దింపారు. ఊరు పోయి నగరమైంది గానీ, పైనుంచి ఒక మ్యాపు వచ్చి పడ్డప్పుడు ఇక్కడి జనం చేసే పని, ఏ పల్లెలోనైనా రైతులు చేసే పనే. ఆ కాగితం జిరాక్స్ తెచ్చుకుని, గీతల మధ్య తమ సర్వే నంబరు ఎక్కడుందో వెతుక్కోవడం.

కామారెడ్డి రైతులు ఆ పనే చేశారు. మున్సిపాలిటీ డ్రాఫ్ట్ మాస్టర్‌ప్లాన్ 2022 చివర్లో బయటికొచ్చింది. చూసుకుంటే రెండు పంటలు పండే పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో ఉన్నాయి. కొన్నిచోట్ల చెలకల మీదుగా వంద అడుగుల రోడ్లు గీసేశారు. ఇది ముసాయిదా మాత్రమే, ఎవరి భూమీ పోదు అన్నారు అధికారులు. అక్షరాలా చూస్తే అది నిజమే. కానీ రోడ్డు గీత పడ్డ చెక్కను కొనేవాడెవడు? కూతురి పెళ్ళికి అరెకరం అమ్ముకుందామనుకున్న రైతుకు, భూమి పట్టా పుస్తకంలో ఉంటుంది, చేతికి మాత్రం రాదు. ఈ సంగతి నక్షా గీసిన కన్సల్టెంటుకు తెలియకపోవచ్చు. రైతుకు పొద్దున్నే తెలిసిపోతుంది.

2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. భూమి జోన్‌లో పోతుందన్న బెంగే కారణమని ఊరివాళ్ళు చెప్పారు. జనవరి 5న ఆడవాళ్ళు, పిల్లలతో సహా కలెక్టరేట్‌కు తరలివచ్చారు. బారికేడ్లు పడిపోయాయి. మర్నాడు పట్టణం బంద్. కొందరు హైకోర్టు మెట్లెక్కారు. అయితే అసలు ఎత్తు వేరే. రైతుల కార్యాచరణ కమిటీ వార్డులవారీగా కౌన్సిలర్ల మీద పడింది. మా ఓటుతో గెలిచావు, ప్లాన్ వద్దని తీర్మానం చెయ్, లేదా రాజీనామా చెయ్ అని గడువు పెట్టింది. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై మాస్టర్‌ప్లాన్ వద్దని తీర్మానించింది. ఆ రోజుల్లోనే జగిత్యాలలోనూ అదే జరిగింది.

కామారెడ్డి గురించి చెప్పేటప్పుడు అందరూ కలెక్టరేట్ ముట్టడినే గుర్తుచేసుకుంటారు. నిజానికి కథను మలుపు తిప్పింది కౌన్సిల్ హాలు. తలుపు తట్టడానికి అక్కడొక ఇల్లుంది.

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో ఆ ఇల్లు లేకపోయింది. ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ దిలావర్‌పూర్, గుండంపల్లి పరిసర గ్రామాలు నెలల తరబడి వినతిపత్రాలు ఇచ్చాయి. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 జనవరితో ముగిసింది. అప్పుడు ఊళ్ళలో సర్పంచ్ లేడు, వార్డు మెంబర్ లేడు, ప్రత్యేకాధికారి పాలన నడిచింది. చివరికి ఆ ఏడాది నవంబర్ 26న జనం నిర్మల్–భైంసా రహదారి మీద కూర్చున్నారు. మాట్లాడడానికి వచ్చిన ఆర్డీవో గంటల తరబడి ఆ గుంపు మధ్యే ఉండిపోవాల్సి వచ్చింది. ఒక అధికారిణిని అలా నిర్బంధించడం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ మర్నాడే పనులు ఆపుతున్నట్టు కలెక్టర్ ప్రకటించారు. వినతిపత్రాలతో నెలలు పట్టినా కానిది ఒక్క రాత్రి రాస్తారోకోతో అయిందంటే, తర్వాతి ఊరు ఏ దారి పట్టాలో చెప్పినట్టే కదా. నేర్పింది ఎవరు?

సర్పంచ్ ఉంటే అన్నీ చక్కబడతాయని కాదు. కాంట్రాక్టర్ జీపులో తిరిగే సర్పంచులను జనం చూడలేదా? అయినా అతను ఊళ్ళోనే ఉంటాడు. పొద్దున్నే అతని గడప ముందు కూర్చోవచ్చు, మళ్ళీ ఓటుకు వస్తావు కదా అని నిలదీయవచ్చు. ప్రత్యేకాధికారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే చాలు, వెళ్ళిపోతాడు.

జనం కూడగానే, వెనక ఎవరో ఉండి ఆడిస్తున్నారన్న మాట మామూలే. కానీ శ్రీకాకుళం జిల్లా సోంపేట చూడండి. అక్కడ పవర్ ప్లాంట్‌కు ఎంచుకున్న బీల (చిత్తడి నేల), కాగితాల మీద పనికిరాని నేల. అక్కడ చేపలు పట్టే, సాగు చేసే వాళ్ళు కాదన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంట్ అనుమతిని రద్దు చేసింది కూడా సరిగ్గా అదే రోజు.

అభ్యంతరాలు వినాలని చట్టం చెప్పకపోలేదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ ప్రకారం వీధి మూయాలన్నా ముందు పబ్లిక్ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు అడగాలి. ఆర్మీ రోడ్లు మూతపడినప్పుడు సైనిక్‌పురి, యాప్రాల్ కాలనీలవాళ్ళు ఏళ్ళ తరబడి పట్టుకు తిరిగింది ఈ సెక్షన్‌నే. 2018లో రక్షణ శాఖ దేశమంతా కంటోన్మెంట్ రోడ్లు తెరవమనడానికి ఇలాంటి ఫిర్యాదులే కారణం.

కారిడార్ విషయంలోనూ చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఏ సర్వే నంబరులో ఎన్ని గజాలు పోతాయో తెలుగులో, ఉర్దూలో, కంటోన్మెంట్‌లో ఎందరో మాట్లాడే తమిళంలో అచ్చేసి లాల్‌బజార్‌లో, కార్ఖానాలో గోడలకు అతికించవచ్చు. 200 అడుగుల లెక్క ఎలా వచ్చిందో ఇంజినీర్లు జనం ముందు కూర్చుని చెప్పవచ్చు. అన్నిటికన్నా ముందు బోర్డుకు ఎన్నికలు పెట్టాలి, లేదా జీహెచ్‌ఎంసీలో విలీనం సంగతి తేల్చాలి. 2023 ఏప్రిల్ 30న పోలింగ్ అని నోటిఫికేషన్ ఇచ్చి, మార్చిలోనే వెనక్కి తీసుకున్నారు. తిరుమలగిరి ఓటరు తన వార్డు సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి చివరిసారి క్యూలో నిలబడింది 2015 జనవరి 11న.