కట్టేది ఖజానా అయితే అది ప్రభుత్వ అప్పే



రాష్ట్రం అప్పు ఎంత అని అడిగితే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అధికారపక్షం ఒక అంకె చెబుతుంది, ప్రతిపక్షం ఇంకో అంకె చెబుతుంది. 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ముందు పెట్టిన శ్వేతపత్రం మొత్తం అప్పును 6.71 లక్షల కోట్ల రూపాయలుగా చూపింది. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ శ్వేతపత్రం 9.74 లక్షల కోట్లంది. అప్పటిదాకా పాలించినవారు రెండు చోట్లా ఆ లెక్కలను ఒప్పుకోలేదు. ఏటా పద్దులన్నిటికీ ఆమోదం తెలిపే సభలోనే, రాష్ట్రం పేరు మీద తెచ్చిన అప్పు ఎంతో తేలకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. ఉద్యోగ జీవితమంతా ఖజానా శాఖలో గడిపినవాడిని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చట్టం లేక ఈ పరిస్థితి రాలేదు. యశ్వంత్ సిన్హా ఆర్థికమంత్రిగా ఉండగా 2000లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ బిల్లు 2003లో చట్టమై 2004 జులై నుంచి అమల్లోకి వచ్చింది. రెవెన్యూ లోటును పూర్తిగా తీసేయాలని, ద్రవ్యలోటును జీడీపీలో 3 శాతానికి దించాలని అది గడువు పెట్టింది. ప్రభుత్వం తన బాండ్లను నేరుగా రిజర్వు బ్యాంకుకు అమ్ముకుని డబ్బు తెచ్చుకునే దారిని కూడా 2006 నుంచి మూసేసింది. రంగరాజన్ గారి అధ్యక్షతన పన్నెండో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు అప్పుల్లో ఊరట ఇస్తూ, ఇలాంటి చట్టం మీరూ చేసుకుంటేనే అని షరతు పెట్టింది. అలా 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా తన చట్టం తాను చేసుకుంది.

కేంద్ర చట్టం పనిచేయలేదనడం అన్యాయం. 2007-08లో కేంద్ర ద్రవ్యలోటు 2.5 శాతానికి దిగింది. మరుసటి ఏడాది ప్రపంచ సంక్షోభంతో 6 శాతానికి ఎగిసింది. కష్టకాలంలో ప్రభుత్వం అప్పు చేయడాన్ని నేను తప్పుపట్టను, కరోనా ఏడాదిలో 9 శాతం దాటడాన్నీ తప్పుపట్టను. నా అభ్యంతరం మామూలు రోజుల్లో జరిగినదాని మీద. 2012, 2015, 2018 సంవత్సరాల్లో ఈ చట్టాన్ని ఫైనాన్స్ బిల్లులో కలిపి సవరించారు. 2018లోనైతే రెవెన్యూ లోటు తీసేయాలన్న లక్ష్యాన్నే ఎత్తేశారు. జీతాలకు, సబ్సిడీలకు, వడ్డీలకు అప్పు తేకూడదన్నది ఆ చట్టానికి ప్రాణం. ఆ ప్రాణం తీసిన బిల్లు 2018 మార్చి 14న లోక్‌సభలో చర్చ లేకుండా మూజువాణి ఓటుతో గట్టెక్కింది. ఆ రోజు సభ గందరగోళంలో ఉంది. ప్రత్యేక హోదా కోసం ఆంధ్రప్రదేశ్ ఎంపీలు, రిజర్వేషన్ల కోసం తెలంగాణ ఎంపీలు నినాదాలు చేస్తున్నారు. వారి కోరికలు న్యాయమైనవే. కానీ దేశం అప్పును అదుపులో పెట్టే చట్టం మారుతుంటే దాని మీద ఒక్క సభ్యుడికీ మాట్లాడే వీలు దొరకలేదు.

ఫలితం బడ్జెట్ పుస్తకంలోనే ఉంది. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50.65 లక్షల కోట్లు, అందులో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు. ఖర్చుపెట్టే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి పాత అప్పుల వడ్డీకి పోతోంది.

ఇంతకంటే పెద్ద లోపం లెక్కలోకి రాని అప్పుల దగ్గర ఉంది. కాళేశ్వరం ప్రాజెక్టు కోసం పెట్టిన కార్పొరేషన్‌కు కిస్తీలు కట్టగల సొంత ఆదాయం లేదు, కట్టేది రాష్ట్ర బడ్జెట్టే. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం మీద వచ్చే పన్ను రాబడిని చూపించి రాష్ట్రాభివృద్ధి కార్పొరేషన్ పేరుతో అప్పు తెచ్చారు. కాగితం మీద అవి కార్పొరేషన్ల అప్పులు, తీర్చేది మాత్రం ఖజానా. ప్రభుత్వం ఇచ్చే పూచీకత్తులకు రాష్ట్ర ద్రవ్య బాధ్యత చట్టం మొదట రెవెన్యూ రాబడిలో 90 శాతం అని గీత గీసింది. ఇరుకైనప్పుడు రెండు రాష్ట్రాలూ సవరణ తెచ్చి ఆ గీతను పైకి జరుపుకున్నాయి. కేంద్రమూ తక్కువ తినలేదు. ఒకప్పుడు ఆయిల్ కంపెనీలకు బాండ్లు ఇచ్చి ఆ భారాన్ని లోటులో చూపలేదు. తర్వాత ఆహార సబ్సిడీ ఇవ్వాల్సినచోట భారత ఆహార సంస్థకు చిన్న పొదుపు నిధి నుంచి అప్పు ఇప్పించింది. 2021 బడ్జెట్‌లో ఆ పద్ధతి మానుకోవడాన్ని మెచ్చుకోవాలి.

పత్రికలు అంతగా పట్టించుకోని దాపరికం ఇంకొకటి ఉంది. మార్చి నెలాఖరు వచ్చిందంటే ఖజానా కార్యాలయంలో కాంట్రాక్టర్లు, పంచాయతీ కార్యదర్శులు, హాస్టల్ వార్డెన్లు కాగితాలు పట్టుకుని నిలబడతారు. బిల్లులో తప్పుండదు, పద్దులో కేటాయింపూ ఉంటుంది. ఫలానా పద్దుల బిల్లులు ప్రస్తుతానికి పాస్ చేయవద్దని పైనుంచి ఆంక్ష మాత్రం ఉంటుంది. మార్చి 31 రాత్రి దాటితే ఆ కేటాయింపు మురిగిపోతుంది. మా ఊరి బడికి ప్రహరీ కట్టిన చిన్న కాంట్రాక్టరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇటుకకు, సిమెంటుకు, కూలీలకు పెట్టాడు. గోడకు వేసిన సున్నం వెలిసిపోయింది గానీ బిల్లు రాలేదు. మన ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో నడుస్తాయి, అంటే డబ్బు చేతులు మారితేనే ఖర్చు కింద ఎక్కుతుంది. కాబట్టి ఆపిన ప్రతి బిల్లూ ఆ ఏడాది లోటును తక్కువ చేసి చూపిస్తుంది. ద్రవ్యలోటు పరిమితిలోనే ఉందని సభలో చదివే కాగితం నిజమే కావచ్చు, ఆ గోడ కట్టినవాడు కడుతున్న వడ్డీ మాత్రం అందులో ఉండదు. ఉద్యోగుల డీఏ బకాయిలదీ, పీఎఫ్ కోసం పెట్టుకున్న దరఖాస్తులదీ ఇదే కథ.

కార్పొరేషన్ల పేరుతో తెచ్చే బడ్జెట్ బయటి అప్పులను 2022 నుంచి కేంద్రం రాష్ట్రాల రుణపరిమితిలో కలిపి లెక్కిస్తోంది. కేరళ దీన్ని సవాలు చేస్తే 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. కలిపి లెక్కించడం సరైనదే అంటాను. లెక్కించేది కేంద్ర ఆర్థికశాఖ కావడం సరికాదు. తామూ అదే పని చేసినవారు ఇంకొకరికి కొలత పెడితే రాష్ట్రాలకు నమ్మకం కుదరదు. ఖర్చుపెట్టే ప్రభుత్వంతో సంబంధం లేని సంస్థ ఈ పని చేయాలి. కేంద్ర ద్రవ్య బాధ్యత చట్టాన్ని సమీక్షించిన ఎన్.కె.సింగ్ కమిటీ 2017లోనే స్వతంత్ర ద్రవ్యమండలి పెట్టమంది. 2018 సవరణలో కేంద్రం ఆ కమిటీ చెప్పిన రుణపరిమితులను తీసుకుని మండలిని వదిలేసింది. బ్రిటన్‌లో అలాంటి కార్యాలయం 2010 నుంచి బడ్జెట్ అంచనాలు తయారుచేస్తోంది. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేయడానికి మనకు కాగ్ ఉంది కదా అంటారేమో. కాగ్ ఖర్చయిపోయిన తర్వాత చెబుతుంది, దాని నివేదికలు ఏళ్లు ఆలస్యంగా సభకు వస్తాయి. ఓటింగుకు ముందు చెప్పేవారు కావాలి.

ఇదంతా సంక్షేమానికి కత్తెర వేయించే ఎత్తు అని కొందరు అనుమానించవచ్చు. పింఛను, రేషను బియ్యం ఆపమని నేను అనడం లేదు. కాలువకో బడికో అప్పు తెస్తే రేపటి తరం దాన్ని వాడుకుంటూ తీరుస్తుంది. ఏ పథకానికి ఎంత అప్పు తెస్తున్నామో, ఎప్పుడు తీరుస్తామో చెప్పి సభ చేత ఒప్పించుకుంటే ఏ పథకానికీ నష్టం లేదు. చెప్పకుండా తెచ్చినప్పుడే చివరికి బిల్లులు ఆగుతాయి, మొదట దెబ్బ తినేదీ చిన్నవాళ్లే.

రాబోయే బడ్జెట్ సమావేశాల్లో రెండు రాష్ట్రాల శాసనసభ్యులూ పార్టీలకు అతీతంగా తమ రాష్ట్ర ద్రవ్య బాధ్యత చట్టానికి సవరణ కోరాలి. బడ్జెట్ నుంచి తీర్చే ఏ అప్పునైనా, ఎవరి పేరు మీద ఉన్నా, రాష్ట్ర అప్పుగా రాయాలి. మార్చి 31 నాటికి చెల్లించని బిల్లుల జాబితాను పద్దుల వారీగా సభ ముందు పెట్టాలి. ఈ రెండింటినీ సరిచూసి ఓటింగుకు ముందే సభకు నివేదించే ద్రవ్యమండలిని వేయాలి. పాఠకులు తమ ఎమ్మెల్యేకు ఈ మూడు కోరికలతో ఒక ఉత్తరం రాయాలని, మీ పత్రిక ప్రతి మార్చిలోనూ పెండింగు బిల్లుల మొత్తం ఎంతో ప్రభుత్వాన్ని అడిగి ప్రచురించాలని కోరుతున్నాను.

— విశ్రాంత ఖజానా ఉద్యోగి, తెనాలి